కాగితాల మీద బరువుగా పెట్టిన వజ్రం: కథ అందరికీ తెలుసు, కేసు ఎంతమందికి తెలుసు?

మూసీతీరం (హైదరాబాదు)

జాకబ్ వజ్రం గురించి ఎవరిని కదిపినా ఒకటే కథ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునేవాడట. అంతకుముందు అది చౌమహల్లా రాజభవనంలో తండ్రి పాత కాలిజోడు ముందుభాగంలో దొరికిందట. చెప్పేవారు అక్కడ ఆగిపోతారు, వినేవారు నోరు తెరుస్తారు, కథ ముగుస్తుంది. అంత రాయి జోడులోకి ఎందుకు వెళ్ళిందని మాత్రం ఎవరూ అడగరు.

నా సమాధానం ఇది: ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆ రాయిని చూడాలంటేనే మనసొప్పలేదు. ఎందుకు ఒప్పలేదో చెబుతాను.

దక్షిణాఫ్రికా గనుల నుంచి వచ్చి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సానపట్టిన రాయి అది. బరువు 184.75 క్యారట్లు. ఇప్పటి కోహినూరు 105.6 క్యారట్లు మాత్రమే. దానికి అప్పట్లో 'ఇంపీరియల్' అని పేరు. సిమ్లాలో నగలు, పురాతన వస్తువుల దుకాణం నడిపే అలెగ్జాండర్ మాల్కం జాకబ్ 1891లో దానిని నిజాంకు అమ్మాలని చూశాడు. ఈ జాకబ్ ఎక్కడివాడో ఒక్కొక్కరికి ఒక్కో విధంగా చెప్పేవాడు. సంస్థానాధీశులూ తెల్లదొరలూ అందరూ అతని దుకాణం మెట్లెక్కినవారే. ఆంగ్ల నవలాకారులు అతనిని చూసి పాత్రలు మలిచారంటే మనిషి ఎలాంటివాడో ఊహించుకోండి.

బేరం 46 లక్షల రూపాయలకు కుదిరింది. అందులో సగం, 23 లక్షలు, ముందుగా బ్యాంకులో పడింది. మధ్యవర్తి నిజాం ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్. అవును, మనం చెప్పులూ పుస్తకాలూ కొనుక్కునే ఆబిడ్స్ ఆయన దుకాణం పేరు మీద వెలసిన పేటే.

రాయి వచ్చింది. ఈలోగా ఖజానా పరిస్థితి చూపించి బ్రిటిష్ రెసిడెంట్, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్‌వారి ప్రతినిధి, అడ్డుపడ్డాడు. నిజాం రాయి వద్దన్నాడు, 23 లక్షలు తిరిగి ఇమ్మన్నాడు. జాకబ్ ఆ డబ్బు అప్పటికే రాయి సొంతదారులకు కట్టేశాడు. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది. నిజాం అంతటివాడి వాంగ్మూలం తీసుకోవడానికి హైదరాబాదుకు కమిషన్ వచ్చింది. ఆసఫ్ జాహీ పాలకుడు ఒక నగల వర్తకుడి మీద సాక్షిగా కూర్చుని, న్యాయవాదుల ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. అప్పటికి ఆయన వయసు పాతిక. ఆ ఏడాది డిసెంబరులో జ్యూరీ జాకబ్ నిర్దోషి అని తేల్చింది.

తరువాత రాజీ కుదిరి రాయి నిజాం దగ్గరే ఉండిపోయింది. గెలిచిన జాకబ్ మాత్రం దివాలా తీశాడు. రాజులు అతని దగ్గర కొనడం మానేశారు. 1921లో బొంబాయిలో పేదవాడిగా పోయాడు.

పైన ఒక ముచ్చటైన కథ, కింద ఎవరూ విప్పని లెక్కల పుస్తకం. హైదరాబాదు చరిత్రలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయని నా అనుమానం. తెలిసినవారు చెప్పండి.


శంకల శాస్త్రి (రాజమహేంద్రవరం)

మూసీతీరం గారూ, కోర్టు సంగతులు బాగున్నాయి. 'మనసొప్పలేదు' అన్నది మీ ఊహ. జోడులో దొరికిందన్నది ఆ కుటుంబం చెప్పుకున్న మాట. రెండింటినీ కుట్టి ఒక మనస్తత్వ శాస్త్రం తయారు చేయకండి. దొంగల భయంతో దాచి ఉండవచ్చు కదా? మన ఇళ్ళలో బియ్యం డబ్బాలో గొలుసు దాస్తే దానిని అవమానం అంటామా?


చౌమహల్లా (హైదరాబాదు)

శాస్త్రి గారూ, మహబూబ్ పాషాను మీరు బియ్యం డబ్బా దాకా తెచ్చారు! పాము కాటుకు ఆయన పేరు చెప్పి నీళ్ళు తాగించిన ఊళ్ళు తెలంగాణలో ఎన్నో ఉన్నాయి. తొడిగిన బట్టలు మళ్ళీ తొడగనివాడని పేరు. అలాంటి మనిషికి దొంగల భయమా?

ఇంకో విషయం. 1887లో ఇదే నిజాం వాయవ్య సరిహద్దు రక్షణ కోసం ఏడాదికి 20 లక్షల చొప్పున మూడేళ్ళు, అంటే మొత్తం 60 లక్షలు ఇస్తానని బ్రిటిష్‌వారికి రాశాడు. అప్పుడు వారు పొగడ్తలతో ముంచెత్తారు. నాలుగేళ్ళ తరువాత సొంత డబ్బుతో 46 లక్షల రాయి కొంటానంటే దుబారా అన్నారు. దుబారాకు కొలత ఏమిటో మరి.


కోర్టుపక్షి (కర్నూలు)

వృత్తి రీత్యా ఒక మాట. ఈ కేసులో విచిత్రం ఏమిటంటే, డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి సివిల్ దావా ఒక దారి. వారు నేరారోపణ దారి పట్టారు. నమ్మి అప్పగించిన సొమ్మును జాకబ్ సొంతానికి వాడుకున్నాడన్నది అభియోగం. అది నిలవాలంటే ఆ 23 లక్షలు ధరావతు మాత్రమేనని, రాయి నచ్చకపోతే తిరిగి ఇవ్వవలసినదని రుజువు కావాలి. జాకబ్ పక్షం వాదన నేరుగా ఉంది: బేరం అయిపోయింది, అది ధరలో సగం, నేను నా అమ్మకందారుకు కట్టాను.

బేరం చాలావరకు నోటి మాట మీద నడిచింది. కనుక నిజాం మనసులో ఏముందో నిజామే చెప్పాలి. ఆయనను సాక్షిగా పిలవక తప్పని కేసును ఆయన పక్షంవారే ఎంచుకున్నారు. ఆ సలహా ఇచ్చినవారిని నేనైతే అదే రోజు పనిలోంచి తీసేసేవాడిని.


మూసీతీరం

కోర్టుపక్షి గారూ, అదే నేను చెప్పాలనుకున్నది, మీరు బాగా చెప్పారు. శాస్త్రి గారూ, ఊహ అన్న మాట ఒప్పుకుంటాను, వదులుకోను.

ఆబిద్ సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. పొద్దున నిజాం ఏ బట్టలు తొడగాలో, ఏ బూట్లు వేసుకోవాలో చూసేవాడు అతనే. అందువల్ల ఎవరు లోపలికి రావాలో, ఎవరు గుమ్మంలో నిలబడాలో కూడా అతనే తేల్చేవాడు. జాకబ్ లాంటి వర్తకుడికి దివాను కంటే అతనే ముఖ్యం. కేసు తరువాత అతను ఇంగ్లండు వెళ్ళి స్థిరపడ్డాడు. ఊరు అతని పేరు ఉంచుకుంది. నిజాం పేరుతో ఉన్న వీధుల కంటే ఆబిద్ పేరుతో ఉన్న వీధిలో జనం ఎక్కువ!


ఎల్లందు పాతకాపు (కొత్తగూడెం)

వజ్రం సంగతి సరే. బొగ్గు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. మూడేళ్ళ ముందు జరిగిన సింగరేణి వాటాల గోల దీనికంటే పెద్దది. బొగ్గు నల్లగా ఉంటుంది కాబట్టి ఎవరూ ముచ్చటగా చెప్పుకోరు.

జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో మా ఎల్లందు ప్రాంతంలో బొగ్గు చూశాడు. ఇంతవరకు సింగరేణిలో పనిచేసిన వారందరికీ తెలుసు. తెలియనిది ఆ తరువాతి పదిహేనేళ్ళు.

1886లో నిజాం ప్రభుత్వం గనుల హక్కును వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరికి ఇచ్చింది. లండన్‌లో పది లక్షల పౌండ్ల మూలధనంతో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ లేచింది. వాటా ఒక్కటి 10 పౌండ్లు, మొత్తం లక్ష వాటాలు. అందులో 85,000 వాటాలు హక్కు సంపాదించిన వారికే, డబ్బు కట్టినట్టు రాసి ఊరికే ఇచ్చారు. జనానికి వదిలినవి 15,000. అంటే గనిలో పలుగు దిగకముందే లాభం పంచుకోవడం అయిపోయింది.

ఇక అసలు కథ. నిజాం తరఫున లండన్‌లో ఈ వ్యవహారం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్‌కు ఆ ఉచిత వాటాలలో పెద్ద ముక్క దక్కింది. అతను ఏం చేశాడు? వాటిలో కొన్నిటిని పై ధరకు నిజాం ప్రభుత్వానికే అమ్మాడు. నిజాం భూమి, నిజాం బొగ్గు, నిజాం నౌకరు, కొనుక్కున్నదీ నిజామే.

1888లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభ దీని మీద విచారణ కమిటీ వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది, డబ్బు కక్కవలసి వచ్చింది. 1889లో గనుల పని మొదలైంది. కంపెనీ పేరు సింగరేణి కాలరీస్‌గా మారింది 1920లో.


శంకల శాస్త్రి

పాతకాపు గారూ, ఇది నమ్ముతాను. అంకెలు ఉన్నాయి, జోడు లేదు.


వరూధిని (డల్లాస్)

ఈ అబ్దుల్ హక్ పేరు ఇంకో చోట కూడా వస్తుంది. 1883 నాటి చాందా (ఇప్పటి చంద్రపూర్) రైలు పథకం. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లోనే రైలు వచ్చింది. దానిని చాందా వైపు, బెజవాడ వైపు పొడిగించడానికి లండన్‌లో కంపెనీ పెట్టి, పెట్టుబడి మీద 20 ఏళ్ళ పాటు 5 శాతం లాభానికి నిజాం ఖజానా హామీ ఇవ్వడం ఏర్పాటు. రైలు నడిచినా, నడవకపోయినా వడ్డీ ముట్టాలి. అప్పట్లో ఊళ్ళో చదువుకున్నవారు కొందరు, ఒప్పందం వివరాలు బయట పెట్టండి, ప్రజలతో చర్చించండి అని అడిగారు. అడిగినవారిలో ముఖ్యుడిని 1883 మేలో రాజ్యం నుంచే పంపేశారు.

ఆయన పేరు అఘోరనాథ్ చటోపాధ్యాయ. కాలేజీ ప్రిన్సిపాల్. సరోజినీ నాయుడు గారి నాన్న. అప్పటికి ఆవిడకు నాలుగేళ్ళు. తరువాత ఆయనను తిరిగి రానిచ్చారనుకోండి. వారి 'బంగారు గడప' (గోల్డెన్ త్రెషోల్డ్) ఇంటి గురించి, భారత కోకిల గురించి వ్యాసాలు రాసేవారు ఈ బహిష్కరణను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా మటుకు హైదరాబాదులో ప్రజలు ప్రభుత్వాన్ని లెక్క అడిగిన మొదటి ఆధునిక సందర్భాలలో ఇది ఒకటి.


ఎల్లందు పాతకాపు

వరూధిని గారూ, ఇది నాకు కొత్త. బెజవాడ రైలు 1889లో వచ్చింది, డోర్నకల్ నుంచి ఎల్లందుకు బొగ్గు లైను కూడా ఆ రోజులదే. రైలు లేకుండా బొగ్గు కదలదు, బొగ్గు లేకుండా రైలుకు లాభం లేదు. రెండిటికీ ఒకే మనిషి మధ్యవర్తి. అదీ లెక్క.


గట్టుమీద (మచిలీపట్నం)

మీరందరూ 1880ల దగ్గరే తిరుగుతున్నారు. అరవై ఏళ్ళు వెనక్కి వెళితే మా కోస్తావాళ్ళకు నేరుగా తగిలే కథ ఉంది. సర్కారు జిల్లాలు ఈస్టిండియా కుంపిణీ చేతికి ఎలా పోయాయంటే అందరూ 1766 ఒప్పందం అంటారు. ఒప్పందంలో ఏటా నిజాంకు కప్పం కట్టాలని ఉంది. అది తరువాత ఏడాదికి 7 లక్షల దగ్గర స్థిరపడింది. మరి ఆ కప్పం ఎప్పుడు ఆగింది? ఎందుకు ఆగింది?

హైదరాబాదులో విలియం పామర్ అనే ఆయన 1814లో ఒక బ్యాంకు పెట్టాడు. తండ్రి కుంపిణీ సైన్యంలో జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. ఈ పామర్ కంపెనీ పేష్కార్ (దివాను కింది మంత్రి) చందూలాల్‌కు, అంటే నిజాం ప్రభుత్వానికి, నూటికి ఇరవై నాలుగు, పాతిక వడ్డీల మీద అప్పులు ఇచ్చింది. దేశీయ రాజులకు బ్రిటిష్ ప్రజలు అప్పులు ఇవ్వరాదని 1797 నుంచి చట్టం ఉంది. గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ 1816లో పామర్‌కు మినహాయింపు ఇచ్చాడు. ఆ బ్యాంకులో భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. అతని భార్య హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి.

1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ పుస్తకాలు తిరగేసి గగ్గోలు పెట్టాడు. హేస్టింగ్స్‌కు అది మింగుడు పడలేదు. చివరికి అప్పు తీర్చడానికి దొరికిన దారి ఏమిటంటే, సర్కారు జిల్లాల మీద కుంపిణీ ఏటా ఇవ్వవలసిన 7 లక్షల కప్పాన్ని శాశ్వతంగా రద్దు చేసుకుని, బదులుగా ఒక్కసారే సుమారు కోటీ 16 లక్షల 66 వేలు ఇవ్వడం. ఆ డబ్బు పామర్ కంపెనీ బాకీకి పోయింది. కంపెనీ 1824లో కూలింది.

శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేల మీద నిజాంకు మిగిలిన ఆఖరి కాగితం హక్కు ఒక వడ్డీ వ్యాపారి బాకీ కింద జమ అయిపోయింది. మా బడి పుస్తకంలో ఇది ఎక్కడా లేదు.


కోర్టుపక్షి

గట్టుమీద గారూ, ఆ కోటీ పదహారు లక్షల అంకె ఎక్కడిదో గమనించారా? 7 లక్షలు ఆరు శాతం వడ్డీ అయితే అసలు ఎంత అవుతుందో లెక్క కడితే సరిగ్గా అదే వస్తుంది. పామర్ ఇచ్చిన అప్పుకు పాతిక శాతం, నిజాంకు రావలసిన కప్పానికి ఆరు శాతం! ఒకే కాలం, ఒకే ఊరు, రెండు వడ్డీలు.


శంకల శాస్త్రి

ఈ చర్చా దారంలో నేను చదివిన వాటిలో ఇది నిజంగా పనికివచ్చే మాట. రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగాను, కోటిలింగాల రేవు చరిత్ర చెప్పమంటే గంట చెబుతాను, ఈ కప్పం కథ ఎవరూ చెప్పలేదు.


చౌమహల్లా

ఒక్క నిమిషం. పామర్‌ను వడ్డీ వ్యాపారి అని తీసిపారేయకండి. స్థానికులైన సాహుకారులు అంతకంటే తక్కువకు అప్పు ఇచ్చారా? ఇవ్వలేదు. చందూలాల్‌కు ప్రతి నెలా సైన్యం జీతాలకు డబ్బు కావాలి. ఆ సైన్యం ఎవరి పెత్తనంలో ఉంది? తెల్ల అధికారుల పెత్తనంలో. మెట్‌కాఫ్ ధర్మరాజు, పామర్ శకుని అన్నట్టు రాయడం ఇంగ్లీషువారి పుస్తకాల అలవాటు. తల్లి హిందుస్తానీ కాబట్టి పామర్ మీద వారికి రెండు కారణాలుగా చిన్నచూపు ఉండేది.


గట్టుమీద

రెండో మాట ఒప్పుకుంటాను. మొదటిది కాదు. సాహుకారికి గవర్నర్ జనరల్ మినహాయింపు చీటీ లేదు కదా.

మెట్‌కాఫ్‌కు ముందు 1811 నుంచి 1820 దాకా రెసిడెంటుగా ఉన్న హెన్రీ రస్సెల్‌కు ఆ కంపెనీతో రహస్య లావాదేవీలు ఉన్నాయన్న ఆరోపణ కూడా ఉంది. ఈ రస్సెల్ పేరు గుర్తు పెట్టుకోండి. మా ఊరికి అతనితో ఇంకో లెక్క ఉంది.


వరూధిని

గట్టుమీద గారూ, ఖైరున్నీసా సంగతేనా? చెప్పండి. లేదా నేను చెబుతాను.


గట్టుమీద

మీరే చెప్పండి, మీరైతే నిదానంగా చెబుతారు.


వరూధిని

కోఠీ రెసిడెన్సీ భవనం, మహిళా కళాశాల నడిచిన ఆ పెద్ద స్తంభాల మేడ, చూసిన ప్రతివారూ రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమ గురించి చెబుతారు. ఆయన ముస్లిం పద్ధతిలో పెళ్ళి చేసుకున్నాడు, ఆమె కోసం మేడ నమూనా ఒకటి తోటలో కట్టించాడు. అక్కడ కథ ఆపేస్తే చాలా బాగుంటుంది.

1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు ఓడ ఎక్కించారు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో జబ్బుచేసి చనిపోయాడు. ఖైరున్నీసాకు అప్పటికి ఇరవై నిండీ నిండని వయసు. కలకత్తా వెళ్ళి భర్త సమాధి చూసుకుంది. అక్కడ ఆమెకు ఆసరాగా నిలబడినవాడు భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్. ఆ ఆసరా సంబంధం అయింది. సంగతి పొక్కి, హైదరాబాదు దర్బారు ఆమెను రానివ్వలేదు. మచిలీపట్నంలో ఉండిపోవలసి వచ్చింది. రస్సెల్ మద్రాసు వెళ్ళి 1808లో ఒక తెల్ల అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. మూడేళ్ళకు అదే రస్సెల్ రెసిడెంటుగా కోఠీ మేడలో దిగాడు. అవును, ఆమె భర్త కట్టించిన మేడలో. ఖైరున్నీసా 1813లో హైదరాబాదులో చనిపోయింది. ఇంగ్లండు వెళ్ళిన పిల్లలను మళ్ళీ చూడలేదు.

ప్రేమకథ చెప్పేవారికి రస్సెల్ అడ్డం. అందుకే అతనిని కోసేస్తారు.


శంకల శాస్త్రి

అమ్మా, దీని మీద నాకు శంకలు లేవు.


మూసీతీరం

వరూధిని గారూ, ఆడవారి పేరు ఎత్తారు కాబట్టి 1892 కరపత్రం కేసు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వజ్రం కేసు ముగిసి నాలుగు నెలలు కాలేదు. ఊరికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేదు.

మెహదీ హసన్, బిరుదు ఫతే నవాజ్ జంగ్. లక్నో నుంచి వచ్చినవాడు. హైదరాబాదులో ప్రధాన న్యాయమూర్తి, ఆపైన హోం సెక్రటరీ. భార్య ఎలెన్ గెర్ట్రూడ్ డొనెల్లీ, ఐరిష్ మూలాల అమ్మాయి. 1888లో లండన్ వెళ్ళినప్పుడు విక్టోరియా రాణిని కలిసిన జంట. తెల్లవారి విందులలో, నవాబుల విందులలో రెండు చోట్లా కుర్చీ ఉన్నవారు. 1892 ఏప్రిల్‌లో ఇంగ్లీషులో కొన్ని పేజీల కరపత్రం ఊరంతా తిరిగింది. ఎలెన్ పెళ్ళికి ముందు వేశ్య అని, లక్నోలో కొందరు కలిసి ఆమెను ఉంచుకున్నారని, అసలు పెళ్ళే జరగలేదని, భార్యను చూపించి మెహదీ హసన్ పదవులు సంపాదించాడని అందులో రాతలు. రాసినవాడి పేరు లేదు.

అచ్చు వేయించినవాడు ఎస్.ఎం. మిత్ర అనే బెంగాలీ అని మెహదీ హసన్ కేసు పెట్టాడు. ఎక్కడ? రెసిడెన్సీ బజారు బ్రిటిష్ అధికారం కింద ఉంది కనుక రెసిడెన్సీ కోర్టులో. ఇప్పటి సుల్తాన్ బజారే అది, 1933లో గాని నిజాంకు తిరిగి రాలేదు. బొంబాయి నుంచి ఇన్వెరారిటీ ఒక పక్షం, మద్రాసు నుంచి ఎర్డ్లీ నార్టన్ ఇంకో పక్షం. తొమ్మిది నెలలు నడిచింది. ఎలెన్ గతం గురించి లక్నో నుంచి సాక్షులు వచ్చారు. రెండు వైపులా లంచాలు, దొంగ సాక్ష్యాల ఆరోపణలు. 1893 ఏప్రిల్‌లో మిత్రను వదిలేశారు. మెహదీ హసన్ ఉద్యోగం పోయింది, పింఛను కూడా లేదు. దంపతులు లక్నో రైలెక్కారు.


కోర్టుపక్షి

చూశారా, మళ్ళీ అదే తప్పు. పేరు లేని కాగితం మీద పరువు కోసం కోర్టుకు వెళితే, ఆ కాగితంలో ఉన్న ప్రతి మాటకూ కోర్టు రికార్డులో పేజీ దొరుకుతుంది. నార్టన్ లాంటి న్యాయవాది ఎదుట ఉంటే చెప్పనక్కరలేదు. ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడికి ఇది తట్టలేదా?


చౌమహల్లా

తట్టినా వేరే దారి ఏముంది? ఊరుకుంటే ఒప్పుకున్నట్టు.

ఇక్కడ అసలు సంగతి ముల్కీ, గైర్ ముల్కీ గొడవ, అంటే స్థానికులకూ బయటివారికీ మధ్య తగాదా. దివాను సాలార్ జంగ్ పాలనను సరిదిద్దడానికి ఉత్తరాది నుంచి, ముఖ్యంగా అలీగఢ్ వర్గం నుంచి, చదువుకున్నవారిని తెచ్చాడు. మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, బిల్‌గ్రామీలు, ఈ మెహదీ హసన్. ఆయన పోయాక వారే పెద్ద పదవులలో స్థిరపడ్డారు. ఫారసీ పోయి ఉర్దూ ఆఫీసు భాష అయింది. స్థానికులకు కడుపు మండింది. కరపత్రం ఆ మంట మీద పడిన నూనె. మిత్ర ముందు నిలబెట్టిన మనిషి మాత్రమేనని, వెనక దర్బారు వర్గం ఉందని ఆ రోజుల్లోనే అనుకున్నారు.


ఎల్లందు పాతకాపు

అంటే 1952లో, 1969లో మనం విన్న ముల్కీ అన్న మాట వెనక ఇంత పాత కథ ఉందా! '69లో మా కొత్తగూడెం నుంచే కదా నిప్పు అంటుకుంది.


మూసీతీరం

ఉంది పాతకాపు గారూ, ఇంకా దూరం కూడా వెళ్ళింది. ఆ ముఠా తగాదాలలోనే మొహ్సినుల్ ముల్క్ 1893లో హైదరాబాదు వదిలి అలీగఢ్ చేరాడు. 1906లో ముస్లింలీగు పుట్టినప్పుడు ముందు వరుసలో ఉన్నది ఆయన, వికారుల్ ముల్క్. హైదరాబాదు సచివాలయంలో ఫైళ్ళు చూసి, ఇక్కడ నుంచి గెంటించుకున్న ఇద్దరు. నిజాం కొలువు కొనసాగి ఉంటే అలీగఢ్‌కు వారి తీరిక దొరికేదా అని నేను అప్పుడప్పుడు అనుకుంటాను.


శంకల శాస్త్రి

అనుకోండి, రాయకండి. 'కొనసాగి ఉంటే' అని మొదలైన చరిత్ర ఎక్కడికైనా పోతుంది.

నాకు ఒక ప్రశ్న. మూసీతీరం గారి వాదన ప్రకారం ప్రతిదాని వెనక రెసిడెన్సీ చెయ్యి. కానీ వాటాలు అమ్మింది అబ్దుల్ హక్, అప్పు తెచ్చింది చందూలాల్, మధ్యవర్తి ఆబిద్, కరపత్రం ఊరివాళ్ళు. రెసిడెంట్ చేసింది ఏమిటి, చూస్తూ కూర్చోవడం తప్ప?


మూసీతీరం

శాస్త్రి గారూ, చూస్తూ కూర్చున్నవాడికే ప్రతిసారీ లాభం వచ్చింది, నేను అంటున్నది అదే. పామర్ గొడవ ముగిసేసరికి సర్కారు కప్పం రద్దయింది. వాటాల గొడవ ముగిసేసరికి నిజాం లెక్కలు లండన్ కమిటీ బల్ల మీదికి వెళ్ళాయి. వజ్రం కేసులో నిజాం సాక్షి అయ్యాడు. కరపత్రం కేసులో ఆయన హోం సెక్రటరీ రెసిడెన్సీ కోర్టు మెట్లెక్కాడు. తప్పు చేసింది మనవాళ్ళే. తీర్పు చెప్పే కుర్చీ మాత్రం ప్రతిసారీ ఇంకొంచెం అటు జరిగింది.


వరూధిని

కరపత్రం విషయంలో ఆ వాదన సగమే. ఎలెన్‌ను కాపాడడం రెసిడెన్సీకి ఎప్పుడైనా అవసరం అనిపించిందా? వారి విందులకు వచ్చిన స్త్రీ. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇటు ముల్కీలకూ ఆమె పనికివచ్చింది, మెహదీ హసన్‌ను కూలదోయడానికి. రాయి వేయడానికి భార్య నడవడి కంటే దగ్గరి దారి ఎవరికీ కనబడలేదు.

మెహదీ హసన్ 1904లో చనిపోయాడు, ఆమెకు ఏమీ మిగల్చలేదు. చివరికి ఎలెన్ హైదరాబాదు ప్రభుత్వానికి చేతిరాతతో అర్జీ పెట్టుకుంది, ఏదైనా భత్యం ఇప్పించమని. హైదరాబాదు అధికారులు దయతలచి చిన్న మొత్తం మంజూరు చేశారు. కొద్ది రోజులకే ప్లేగు వచ్చి చనిపోయింది. ఆమెను బజారుకు ఈడ్చిన ఊరే పింఛను ఇచ్చింది, సొంత జాతివారు కాదు. చౌమహల్లా గారికి ఇది నచ్చుతుంది.


చౌమహల్లా

నచ్చలేదమ్మా. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా ఇచ్చారు.


రేవతి_కె (విశాఖపట్నం)

మొత్తం చదివాను, అందరికీ నమస్కారం. చిన్న ప్రశ్న: ఆ వజ్రం ఇప్పుడు ఎక్కడ ఉంది? హైదరాబాదు వస్తే పిల్లలకు చూపించవచ్చా?


కోర్టుపక్షి

రేవతి గారూ, రోజూ చూడడానికి వీలు లేదు. నిజాం ట్రస్టుల నగలు మొత్తం 173 వస్తువులు, దీర్ఘకాలం కోర్టులలో నలిగాక 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంచుతారు. ప్రదర్శనకు తీసినప్పుడే చూడాలి. 2001లో, 2006లో సాలార్ జంగ్ మ్యూజియంలో పెట్టారు, 2019లో ఢిల్లీ జాతీయ మ్యూజియంలో. వాటిని హైదరాబాదులోనే శాశ్వతంగా ఉంచాలని ఇక్కడివారు ఎప్పటి నుంచో అడుగుతున్నారు.


ఎల్లందు పాతకాపు

అప్పటిదాకా పిల్లలను ఎల్లందు తీసుకురండి. బొగ్గు చూడడానికి టిక్కెట్టు లేదు.


మోడరేటర్

సర్కారు జిల్లాల కప్పం మీద సందేశాలు ఎక్కువగా వస్తున్నాయి. గట్టుమీద గారి పోస్టు నుంచి ఆ భాగాన్ని 'పామర్ కంపెనీ, చందూలాల్, కోస్తా జిల్లాలు' అనే కొత్త దారంలోకి మారుస్తున్నాను. వజ్రం, వాటాలు, కరపత్రం చర్చ ఇక్కడే కొనసాగించండి. జోడు నిజమా కాదా అన్న వాదన మాత్రం ఇక చాలు, శాస్త్రి గారూ.